అధ్యక్ష పీఠం ఎక్కిన డాక్టరమ్మ

మా కాలనీ మహిళా మండలి మీటింగంటే నాకు గుండెదడ. ఇరవై మందిమి చేరితే ఇరవై మందిమీ ఒకేసారి మాట్లాడతాం. వినాయక చవితి చందా దగ్గర మొదలైన మాట మంచినీళ్ళ ట్యాంకరు మీదుగా ఎవరింటి పెళ్ళి కబురు దాకానో పోతుంది. చివరికి ఏం నిర్ణయించామో మినిట్స్ పుస్తకం రాయాల్సిన నాకే అర్థం కాదు. ఆమధ్య ఒకసారి మా మండలిలోనే ఉన్న రిటైర్డ్ టీచరుగారు విసుగొచ్చి లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరే మాట్లాడాలని, అదీ పక్కవాళ్ళతో కాకుండా అధ్యక్షురాలి వైపు తిరిగి మాట్లాడాలని గట్టిగా చెప్పారు. అందరం నవ్వాం. కానీ ఆ తర్వాత పావుగంటలో పని తేలిపోయింది.

ఇంటికొచ్చి వంట చేసుకుంటూ అదే ఆలోచించాను. టీవీలో శాసనసభ చూస్తూ పిల్లలు కూడా అధ్యక్షా అంటూ అనుకరిస్తూ ఉంటారు. ఆ మాట అంతలా అలవాటైపోయింది. సభలో ఎంతటి నాయకుడైనా, ఎదుటివాడి మీద ఎంత కోపమున్నా, ఆ కుర్చీ వైపు తిరిగే మాట్లాడాలి. మరి ఆ కుర్చీలో మొదటిసారి ఒక ఆడది కూర్చున్నది ఎప్పుడు? ఎక్కడ?

మనకు దూరంగా ఏమీ కాదు. మద్రాసులోనే. 1927లో. అప్పుడు కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి కాబట్టి అది మన సభ కూడాను. ఆవిడ పేరు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. అడయారు క్యాన్సర్ ఆస్పత్రి పేరు విన్నవాళ్ళకి ఆవిడ పేరు కూడా తెలిసే ఉంటుంది. కానీ ఆ ఆస్పత్రి కంటే పాతికేళ్ళ ముందు శాసన మండలిలో ఆవిడ చేసిన పని గురించి మన ఇళ్ళల్లో ఎక్కువగా చెప్పుకోం.

పుదుక్కోట పిల్ల

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్, అక్కడి మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా చేసినాయన. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడ. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాయన అలాంటి ఇంటి పిల్లను చేసుకున్నందుకు బంధువులు ఆయన్ని దూరం పెట్టారు. ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళ చూపుల్లో ఏముందో పసిపిల్లకు కూడా తెలిసిపోయే రోజులవి. చంద్రమ్మాళ్ పుట్టింటి వైపు ఆడపిల్లల బతుకు ఎలా ఉంటుందో ముత్తులక్ష్మి పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, దగ్గరనుంచి చూసి పెరిగారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈడొచ్చిన పిల్లను బడి మాన్పించడం అప్పటి ఆచారం. తల్లికి పెళ్ళి బెంగ, తండ్రికి పిల్ల తెలివి మీద నమ్మకం. ఇంట్లోనే చదివించి మెట్రిక్యులేషన్ గట్టెక్కించారు. ఆ తర్వాత కాలేజీ. అక్కడున్నది మగపిల్లల కాలేజీ ఒక్కటే. ఆడపిల్ల వచ్చి కూర్చుంటే మా పిల్లలు చెడిపోతారని పెద్దలు అభ్యంతరం పెట్టారు. చివరికి పుదుక్కోట మహారాజు కల్పించుకుని అనుమతిస్తే గాని ఆ పిల్లకు బెంచీ దొరకలేదు.

1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1912లో మంచి మార్కులతో పట్టా తీసుకున్నారు. మద్రాసు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేసిన మొదటి మహిళ ఆవిడే. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికి ముందు ఆవిడ ఒక షరతు పెట్టారు. తనను సమానంగా చూడాలి, తన ఇష్టాలకు ఎప్పుడూ అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, జీవితాంతం ఆ మాట మీద నిలబడ్డారు. ఇద్దరు కొడుకులు, ఇల్లు, ప్రాక్టీసు. చూసేవాళ్ళకి ఇంకేం కావాలి అనిపించే సంసారం.

చిన్న వయసులోనే తన చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం ఆవిడ మనసులో మానని పుండైంది. 1925లో ఆడవాళ్ళ, పిల్లల జబ్బుల గురించి ఇంకా నేర్చుకోవడానికి ఇంగ్లండు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇంకో పిలుపు ఎదురుచూస్తోంది.

తలుపు గడియ ఎవరి చేతిలో

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 1917 డిసెంబరులో, మన హైదరాబాదు ఇంట పెరిగిన సరోజినీ నాయుడు ముందుండి, కొందరు ఆడవాళ్ళు మద్రాసులో భారత మంత్రి మాంటేగును కలిశారు. మగవాళ్ళతో సమానంగా మాకూ ఓటు కావాలని అడిగారు. 1919 చట్టం వచ్చింది గాని అందులో ఆ ఓటు రాలేదు. ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలో వద్దో ఒక్కో రాష్ట్రంలోని శాసన మండలే తీర్మానించుకోవచ్చని వదిలేశారు. అంటే గడియ లోపలివైపు ఉంది. తీయాల్సింది లోపలున్న మగవాళ్ళు.

1921లో మద్రాసు మండలి ఆ గడియ తీసింది, అన్ని రాష్ట్రాలకంటే ముందు. అయితే ఆస్తి, పన్ను లెక్కలతో ఓటు ఇచ్చేవాళ్ళు కాబట్టి ఓటు దక్కిన ఆడవాళ్ళు చాలా కొద్దిమంది. పైగా ఓటు వెయ్యొచ్చుగాని సభలో కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. ఆ రెండో అడ్డు 1926లో నిబంధనలు మార్చాక తొలగింది. ఆ ఏడాది ఎన్నికల్లో మంగుళూరు నుంచి కమలాదేవి ఛట్టోపాధ్యాయ నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయారు.

ఎన్నికల్లో ఆడవాళ్ళెవరూ గెలవకపోవడంతో మహిళా భారత సంఘం వాళ్ళు ప్రభుత్వానికి ఒక పేరు సూచించారు. మండలిలో కొంతమందిని గవర్నరు నామినేట్ చేసే పద్ధతి ఉండేది. అలా సూచించిన పేరు ముత్తులక్ష్మిది. ఆవిడ వెంటనే సరేననలేదు. ప్రాక్టీసు పాడవుతుంది, రోగులకు సమయం తగ్గుతుంది. రాజకీయాలు తన రంగం కాదు. తర్జనభర్జన పడి చివరికి ఒప్పుకున్నారు.

సుమారు 130 మంది మగవాళ్ళున్న సభ. సెయింట్ జార్జి కోటలో సమావేశాలు. లోపలికి అడుగుపెట్టిన ఒకే ఒక్క ఆడది ఆవిడ.

ఒక చిన్న వాక్యం

ఆ రోజుల్లో మద్రాసుకు ఒకే సభ. దాన్నే శాసన మండలి అనేవారు. ఇప్పుడు స్పీకరు అంటున్న పదవిని అప్పుడు అధ్యక్షుడు అనేవారు. 1927లో ఆ కుర్చీలో ఉన్నది విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగాయన, సి.వి.ఎస్. నరసింహరాజుగారు. ఆయనకు తోడు ఒక ఉపాధ్యక్షుడు ఉండాలి. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడపాల్సింది ఉపాధ్యక్షుడే.

ఆ ఉపాధ్యక్షుడు ఎవరుండాలి? 1919 చట్టంలో దీనికి ఒక చిన్న వాక్యం ఉంది. ఉపాధ్యక్షుడు సభ్యుల్లో ఒకరై ఉండాలి, సభ్యులే ఎన్నుకోవాలి, గవర్నరు ఆమోదించాలి. అంతే. ఆ సభ్యుడు ఎన్నికల్లో గెలిచి వచ్చాడా, నామినేట్ అయి వచ్చాడా అని అడగలేదు. మగా ఆడా అని కూడా అడగలేదు. బహుశా ఆ వాక్యం రాసినవాళ్ళకు ఆడమనిషి అనే ఆలోచనే వచ్చి ఉండదు. రాకపోవడమే మేలైంది!

కొత్త మండలి కూర్చోగానే సభ్యులు ముత్తులక్ష్మిని ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. జస్టిస్ పార్టీ వాళ్ళు, స్వరాజ్య పార్టీ వాళ్ళు, స్వతంత్రులు ఒకరంటే ఒకరికి పడని సభ అది. ఏ పార్టీకీ చెందని డాక్టరమ్మ అందరికీ ఆమోదమైంది. దేశంలో శాసనసభ ఉపాధ్యక్ష పదవి దక్కిన మొదటి మహిళ ఆవిడ.

ఇంతకీ ఆ పదవిలో ఏముంది? బయటికి చూస్తే అలంకారమే అనిపిస్తుంది. కానీ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరి మాట విషయం దాటిపోయింది, ఎవరి ప్రశ్న సభకు తగినది కాదు అన్నది ఆ కుర్చీయే తేల్చాలి. కుర్చీలోని మనిషి లేచి నిలబడితే మాట్లాడుతున్నవాళ్ళు కూర్చోవాలి. జమీందారులు, బారిస్టర్లు, దొరలు అందరూ. ఒకప్పుడు కాలేజీ బెంచీ మీద కూర్చోనివ్వమని బతిమాలుకున్న పిల్ల ఇలాంటి కుర్చీలో కూర్చుందంటే, పుదుక్కోటలో ఆ పెద్దమనుషులకు ఏమనిపించి ఉంటుందో!

ఇంకో సంగతి ఉంది. అధ్యక్షుడు చర్చల్లో పాల్గొనడు. ఉపాధ్యక్షురాలు అలా కాదు. కుర్చీ దిగి తన చోటుకు వచ్చాక మిగతా సభ్యుల్లాగే ప్రశ్నలు అడగొచ్చు, బిల్లులు తేవొచ్చు, ఓటు వెయ్యొచ్చు. ముత్తులక్ష్మి ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు. పైన కూర్చుని నియమాలు నేర్చుకున్నారు, కింద కూర్చుని ఆ నియమాలతోనే పని చేయించారు.

మూడు మెట్లు

సభలో ఒక మామూలు సభ్యుడు ఏదైనా సాధించాలంటే మూడు మెట్లున్నాయి.

మొదటిది ప్రశ్న. ముందుగా నోటీసు ఇచ్చి అడిగితే ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలి. ముత్తులక్ష్మి ఎక్కువగా అడిగినవి మన ఇంటి సంగతులే. బడి పిల్లలకు వైద్య పరీక్షలు, ఆడపిల్లల బడులు, కాన్పుల ఆస్పత్రులు, పిల్లల వైద్యం. మగవాళ్ళకు చిన్న విషయాలుగా తోచేవి, ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే తెల్లవార్లూ మేలుకునే తల్లికి మాత్రం అవే పెద్దవి.

రెండోది తీర్మానం. ప్రభుత్వం ఫలానా పని చెయ్యాలని సభ సిఫారసు చెయ్యడం. సభ ఒప్పుకున్నా ప్రభుత్వం చేసి తీరాలని లేదు. కానీ సభ మనసు ఏమిటో ప్రపంచానికి తెలుస్తుంది.

మూడోది బిల్లు. ఇది కష్టమైన మెట్టు. ప్రభుత్వం కాని సభ్యులకు కేటాయించే రోజులు తక్కువ. వచ్చిన బిల్లుల్లో ఏది ముందో చీటీలు తీసి తేల్చేవారు. మొదట బిల్లు పెట్టడానికే సభ అనుమతి కావాలి. ఆ తర్వాత దాన్ని ఎంపిక కమిటీకి పంపాలా, జనం అభిప్రాయానికి పంపాలా, వెంటనే చర్చించాలా అన్నదానికి ఓటు. తర్వాత ఒక్కో క్లాజు. చివరికి గవర్నరు, ఆపైన గవర్నర్ జనరల్ ఒప్పుకోవాలి. మధ్యలో ఏ మెట్టు మీద జారినా మొదటికి రావాల్సిందే.

ఈ మెట్లన్నీ ఎక్కి ఆవిడ చెయ్యదలచిన పెద్ద పని ఒకటుంది. ఆడపిల్లలను గుడికి అంకితం చేసే ఆచారాన్ని ఆపడం. తల్లి చంద్రమ్మాళ్ పుట్టింటి సంగతి గుర్తుపెట్టుకోమన్నాను చూశారా, అది ఇందుకే. ఆ సభలో ఈ మాట ఎత్తగలిగిన వాళ్ళలో, అది ఇంటి గడపలో ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కరే.

1927 నవంబరులో రెండో మెట్టు ఎక్కారు. ఆడపిల్లలను, ముఖ్యంగా మైనర్లను, దేవాలయాలకు అంకితం చెయ్యడం ఆపేలా చట్టం తేవాలని తీర్మానం పెట్టారు. సభ ఒప్పుకుంది. కానీ ప్రభుత్వం తనంతట తానుగా కదలలేదు. మతం విషయాల్లో వేలు పెట్టడానికి దొరలకు భయం.

సరే, మూడో మెట్టు తానే ఎక్కుదామనుకున్నారు. అయితే ఒకేసారి పెద్ద బిల్లు తేకుండా ఇంకో దారి పట్టారు. పానగల్ రాజాగారి హయాంలో వచ్చిన హిందూ దేవాదాయ చట్టం అప్పటికే ఉంది. దానికి ఒక సవరణ తెచ్చారు. దేవదాసీ కుటుంబాలకు గుడి ఇచ్చిన ఇనాం భూములుండేవి. గుడిలో సేవ చేస్తేనే ఆ భూమి. ఒక ఆడమనిషి ఆ జీవితం వద్దనుకుంటే తిండి పెట్టే భూమి కూడా పోతుంది. కూతురిని అంకితం చెయ్యకపోతే తన తర్వాత ఇంటికి కూడు ఉండదు. భక్తి కంటే ఎక్కువగా ఆ భయమే చాలామంది తల్లుల చేత ఆ పని చేయించేది. 1929లో పాసైన ఆ సవరణతో భూమికీ సేవకూ ఉన్న ముడి ఊడింది. సేవ చెయ్యకపోయినా భూమి ఆ మనిషిదే.

ఉపన్యాసాలు ఎవరైనా ఇస్తారు. తల్లి చేత ఆ పని చేయిస్తున్న ముడి ఎక్కడుందో వెతికి విప్పడం ఆవిడకే చెల్లింది. డాక్టరు కదా, నొప్పి ఒకచోట ఉంటే రోగం ఇంకోచోట ఉంటుందని తెలుసు.

ఎదురుగా ఆడవాళ్ళు కూడా

అందరూ చప్పట్లు కొట్టారనుకుంటే పొరపాటు. సత్యమూర్తిలాంటి కాంగ్రెసు పెద్దలే వ్యతిరేకించారు. మన సంప్రదాయంలో, గుడి ఆచారాల్లో సర్కారు చట్టాలు తల దూర్చకూడదన్నది వాళ్ళ వాదన. నాట్యం, సంగీతం అంతరించిపోతాయన్నారు ఇంకొందరు. ఇంకోవైపు గాంధీజీ ఆవిడను బలపరుస్తూ తన పత్రికలో రాశారు.

మగవాళ్ళ వ్యతిరేకత ఆవిడకు కొత్తకాదు. ఆవిడ మనసుకు ఎక్కువ తగిలింది, నా ఉద్దేశంలో, దేవదాసీ స్త్రీలే కొందరు ఎదురు తిరగడం. వాళ్ళ తరఫున నిలబడిన వాళ్ళలో బెంగుళూరు నాగరత్నమ్మ ఒకరు. తిరువైయారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన మహా గాయని. ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం రాధికా సాంత్వనాన్ని అచ్చు వేయించి, సర్కారు నిషేధాన్ని ఎదుర్కొన్న ధీశాలి. మేము కళాకారిణులం, మా అందరినీ ఒకే గాటన కట్టి పడుపువాళ్ళని ముద్ర వెయ్యడం అన్యాయం, చదువు చెప్పించండి, భూములివ్వండి, అంతేగాని మా కులాన్ని నేరంగా చెయ్యొద్దు అన్న ధోరణిలో వాళ్ళు ప్రభుత్వానికి విజ్ఞప్తి పెట్టుకున్నారు.

ఈ రెండు పక్షాల్లో ఎవరిది తప్పు అంటే నాకు చటుక్కున చెప్పడం కష్టం. ఆడదానికి ఆస్తిహక్కు, చదువు, పాట ఉన్న చోటు కూడా అదే. తొమ్మిదేళ్ళ పిల్లను అడగకుండా ఆమె బతుకు రాసిచ్చేసిన చోటూ అదే. ముత్తులక్ష్మి ఆ పిల్ల వైపు నిలబడ్డారు. ఆవిడ మాటల్లో ఆ స్త్రీల కళ పట్ల కావలసినంత గౌరవం లేదని తర్వాతి కాలపు పరిశోధకులు రాశారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. కానీ ఆ పిల్లకు ఓటు లేదు, విజ్ఞప్తి రాసే చెయ్యి లేదు. సభలో ఆమె తరఫున ఒక గొంతు ఉండాలి కదా!

ఇదే సభలో ఆవిడ బాల్య వివాహాల మీద కూడా పోరాడారు. పెళ్ళి వయసు పెంచాలని తీర్మానం పెట్టారు. 1929లో ఢిల్లీలో శారదా చట్టం పాసవడానికి దేశమంతటా ఆడవాళ్ళు చేసిన ఒత్తిడిలో ఆవిడ పాత్ర ఉంది.

రెండో వాక్యం

1930 మొదట్లో అసలు బిల్లు తెచ్చారు. అంకితం చెయ్యడాన్నే నిషేధించే బిల్లు. దాన్ని జనం అభిప్రాయాలు తెలుసుకోవడానికి పంపారు. అంటే మెట్లలో మధ్య మెట్టు. ఇంకొన్ని నెలలు ఓపిగ్గా వెంట నడిపించాలి.

సరిగ్గా అప్పుడే ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మే నెల మొదట్లో గాంధీజీని అరెస్టు చేశారు. ఆ సర్కారు నామినేట్ చేసిన సభ్యురాలిగా ఆ సభలో కూర్చోవడమా? లేక బిల్లు కోసం కూర్చోవడమా?

మీరైతే ఏం చేసేవారు? నేను ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వీధిలో ఎవరో పడిపోయారని కేక వినిపిస్తే పరిగెత్తుతాం. తిరిగొచ్చేసరికి పాలు పోతాయని తెలిసీ పరిగెత్తుతాం. అలాంటిదే అనిపిస్తుంది నాకు.

ఆవిడ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అక్కడ చట్టంలోని రెండో చిన్న వాక్యం పని చేసింది. సభ్యుడు కాకుండా పోయిన క్షణమే ఉపాధ్యక్షుడు కూడా కాకుండా పోతాడు. ఒక వాక్యం ఆవిడను కుర్చీ ఎక్కించింది. ఇంకో వాక్యం దించేసింది. కుర్చీతోపాటు ప్రశ్న అడిగే హక్కు, బిల్లును ముందుకు నడిపే హక్కు అన్నీ ఒక్క సంతకంతో పోయాయి.

ఆ మండలి కాలంలో ఆ బిల్లు చట్టం కాలేదు. ఏడాది, రెండేళ్ళు కాదు, పదిహేడేళ్ళు ఆగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1947లో గాని మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకిత నిషేధ చట్టం రాలేదు. ఆ మధ్య కాలంలో ఎంతమంది పిల్లలను అంకితం చేసి ఉంటారో ఎవరు లెక్కపెట్టారు? ఆ లెక్క ఆవిడ మనసులో మెదలకుండా ఉంటుందనుకోను.

ఆ చట్టం ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది. తెలంగాణ అప్పుడు నిజాం పాలనలో ఉంది కాబట్టి అక్కడి జోగినులకు అది అందలేదు. నిజామాబాదు జిల్లాలో జోగినుల కోసం హేమలతా లవణంగారు ఊరూరా తిరిగిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి వర్తించేలా చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. మద్రాసు సభలో తీర్మానం పెట్టిన రోజు నుంచి లెక్క వేసుకుంటే అరవై ఒక్క ఏళ్ళు.

ఖాళీ చేతులతో కాదు

సభలోంచి బయటికొచ్చిన మనిషి ఊరికే కూర్చోలేదు. ఆ జీవితం వద్దని పారిపోయి వచ్చిన పిల్లలు ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డారు. హాస్టళ్ళలో చేర్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పుట్టుక అడుగుతారు కదా! ఆవిడ తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అదే తర్వాత అవ్వై ఇల్లం అయింది. అక్కడ చదువుకుని టీచర్లు, నర్సులు అయిన ఆడపిల్లలు ఎందరో. చట్టం రావడానికి పదిహేడేళ్ళు పట్టింది గాని, తలుపు తియ్యడానికి ఆవిడకు ఒక్క రాత్రి కూడా పట్టలేదు.

ఇక చెల్లెలి జ్ఞాపకం. క్యాన్సర్ ఆస్పత్రి కట్టాలని ఏళ్ళ తరబడి తిరిగారు. ఎలాగూ చనిపోయే రోగులకు ఆస్పత్రి ఎందుకని వెనక్కి లాగినవాళ్ళున్నారు. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1954లో 12 పడకలతో అడయారులో ఆస్పత్రి మొదలైంది. ఆవిడ కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి దాన్ని పెంచి పెద్దచేశారు. మన నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి అక్కడికి వెళ్ళి ప్రాణం దక్కించుకు వచ్చినవాళ్ళు మీ ఎరికలోనూ ఉండే ఉంటారు.

మన దుర్గాబాయమ్మ అధ్యక్షతన 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు, మద్రాసు రాష్ట్ర మండలి బాధ్యత ముత్తులక్ష్మిగారే తీసుకున్నారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968 జూలై 22న కన్నుమూశారు. అప్పటికి ఆవిడకు ఎనభై రెండు నిండడానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

తన మండలి అనుభవాలను ఆవిడ ఇంగ్లీషులో ఒక పుస్తకంగా కూడా రాశారు. సభలో ఏ మెట్టు మీద ఏం జరిగిందో తర్వాత వచ్చే ఆడవాళ్ళకు తెలియాలి కదా! వాళ్ళు రావడానికి చాలా కాలం పట్టిందనుకోండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 1999లో ప్రతిభాభారతి స్పీకరు అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి తెలుగు మహిళ ఆవిడ. 2009లో లోక్‌సభలో మీరా కుమార్ ఆ పీఠం ఎక్కారు. మద్రాసు సభలో ఉపాధ్యక్షురాలి ఎన్నిక జరిగిన ఏడాది నుంచి లెక్కపెడితే, ప్రతిభాభారతి దగ్గరికి రావడానికే డెబ్బై రెండేళ్ళు!

నియమాలంటే మనకు విసుగు. అవి వకీళ్ళ పని, మగవాళ్ళ పని అనుకుంటాం. ముత్తులక్ష్మిగారి కథ చదివాక నాకు అలా అనిపించడం లేదు. నియమం తెలిసినవాడి చేతిలో అది అడ్డుగోడ. మనకూ తెలిస్తే అందులోని తలుపు ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. పంచాయతీలో, మునిసిపాలిటీలో, డ్వాక్రా సంఘంలో ఇవాళ మనవాళ్ళు ఎందరో కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఆ కుర్చీలో కూర్చుని పక్కనున్న భర్తవైపో, మరిదివైపో చూసేవాళ్ళూ ఉన్నారు. ఎజెండా ఎవరు రాయాలి, తీర్మానం ఎవరు పెట్టాలి, సంతకం ఎప్పుడు పెట్టకూడదు అన్నది చెప్పే పుస్తకం ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. అడిగి తెచ్చుకుని చదవాలి, అంతే.

మా మండలి మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో ఈమధ్య నేను నాలుగు లైన్లు రాశాను. ఒక్కొక్కరే మాట్లాడాలి. అధ్యక్షురాలి వైపు చూసి మాట్లాడాలి. విషయం దాటకూడదు. ఏం నిర్ణయించామో లేచే ముందు చదివి వినిపించాలి. మొన్నటి మీటింగులో రెండు నియమాలు నేనే తప్పాను. టీచరుగారు నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను.